నీటి పట్టుదల, గాలి ఓర్పు

మన ప్రబంధాలలో వసంతోత్సవ వర్ణన వచ్చినదంటే చిమ్మనగ్రోవి తప్పదు. చెలికత్తెలు గొట్టాలలో వసంతం నింపుకొని ఒకరిపై ఒకరు చిమ్ముకుంటూ ఉంటారు. కవికి కావలసినది ఆ రంగుల శోభ. చేతిబలం గొట్టంలోని నీటి గుండా ప్రయాణించి చివరి రంధ్రం వద్దకు ఎట్లా చేరినదన్న విచారం ఆయనకు అక్కరలేదు. ఆ విచారాన్ని వేరొక దేశంలో, వేరొక కాలంలో కొందరు చేపట్టినారు. వారి పుణ్యాన నేడు వందల టన్నుల విమానాలు ఆకాశంలో సునాయాసంగా మలుపు తిరుగుతున్నవి. నడిసముద్రంలో ఓడ మీదికి దూసుకువచ్చే యుద్ధవిమానాలు మూడు సెకండ్లలో నిలిచిపోతున్నవి. వాటిని నడిపే యంత్రాలు మన చిమ్మనగ్రోవికి దగ్గర చుట్టాలే.

ఈ చుట్టరికం తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. మందుల దుకాణంలో సూది లేని సిరంజి ఒకటి కొనుక్కుంటే చాలును. దాని నిండా నీరు పీల్చి, లోపల గాలిబుడగ లేకుండా చూసి, మూతిని బొటనవ్రేలితో గట్టిగా మూసి పిడిని నొక్కండి. పిడి కదలదు. ఎంత బలం ఉపయోగించినా రాతిని నొక్కినట్లే ఉంటుంది. ఇప్పుడు నీటిని పారబోసి, గాలిని నింపి అదే పని చేయండి. పిడి సగం దాకా లోపలికి పోతుంది; చేయి తీయగానే తిరిగి పైకి లేస్తుంది. నీరు కుంచించుకొనడానికి ఒప్పుకోదు. గాలి ఒప్పుకుంటుంది, కాని తనను నొక్కిన బలాన్ని దాచి ఉంచి, అదను చూసి తిరిగి ఇస్తుంది. మొదటి స్వభావాన్ని ఆధారం చేసుకొన్నవి ద్రవచాలిత యంత్రాలు. వీటినే హైడ్రాలిక్ యంత్రాలంటారు. రెండవ స్వభావాన్ని ఆధారం చేసుకొన్నవి వాయుచాలిత యంత్రాలు. ఇవి న్యూమాటిక్ యంత్రాలు. విమానంలో గాని, విమానవాహక నౌకలో గాని ఈ రెండూ ఒకదానికొకటి తోడై పనిచేస్తూ ఉంటవి.

పాస్కల్ చెప్పిన బేరం

ఫ్రాన్సు దేశంలో 1623లో జన్మించి 39 ఏండ్లకే కన్నుమూసిన బ్లైజ్ పాస్కల్ అనే మేధావి ఈ విషయాన్ని సూత్రబద్ధం చేసినాడు. ద్రవాల సమతౌల్యాన్ని గురించి ఆయన రచించిన గ్రంథం ఆయన మరణానంతరం 1663లో అచ్చయినది. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే ఆ ఒత్తిడి తరగకుండా అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందన్నది ఆ సూత్రం. పదవ తరగతి విద్యార్థి ఈ వాక్యాన్ని ఒప్పచెప్పగలడు. ఇందులోని అద్భుతం మాత్రం లెక్క వేసి చూస్తే గాని తెలియదు.

రెండు గొట్టాలున్నవనుకొందాం. ఒకదానిలోని పిస్టన్, అనగా ముషలకం, వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు. రెండవదాని వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. రెండింటినీ ఒక పైపుతో కలిపి నూనె నింపినాము. చిన్న పిస్టన్ మీద 5 కిలోల బరువు పెడితే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 5 కిలోల ఒత్తిడి పుడుతుంది. పెద్ద పిస్టన్‌కు అటువంటి చదరాలు నూరు ఉన్నవి గనుక, అది 500 కిలోల బరువును లేపగలదు. అయితే ప్రకృతి ఎవరికీ ఏదీ ఊరక ఇవ్వదు. పెద్ద పిస్టన్ 1 సెంటీమీటరు లేవాలంటే చిన్న పిస్టన్ 100 సెంటీమీటర్లు దిగవలసిందే. బలంలో పొందిన లాభాన్ని దూరంలో చెల్లించవలె. ఈ బేరం కుదుర్చుకొని 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే పనివాడు హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందినాడు. లారీ టైరు మార్చే డ్రైవరు వాడే నూనె జాకీ, మన ఊరి చెరువులో పూడిక తీసే జేసీబీ చేతికి ఉన్న మెరిసే ఉక్కు కడ్డీలు, అన్నీ ఆ ప్రెస్సు సంతతే.

వాయువు చేసే పని కూడా మనకు కొత్త కాదు. కమ్మరి కొలిమితిత్తి అతిప్రాచీనమైన వాయుయంత్రం. ఆర్టీసీ బస్సు స్టాండులో ఆగినప్పుడు బుస్సుమని వినిపించే శబ్దం, బ్రేకులను పట్టిన గాలి తన పని ముగించుకొని బయటికి పోయే శబ్దం.

విమానానికి నరాలు, కండలు

1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం గాలిలోకి లేచినప్పుడు, పైలటు పడుకొని నడుమును అటూ ఇటూ జరిపితే తీగలు లాగబడి రెక్కల చివరలు మెలితిరిగేవి. ఆ విమానపు వేగానికి మనిషి బలం సరిపోయినది. అయితే గాలి విమానం మీద చూపే ప్రతాపం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లు; మూడింతలైతే తొమ్మిది రెట్లు. జెట్ విమానపు వేగంలో తోకమీది పలకను చేతితో తిప్పడం ఎంతటి బలశాలికీ సాధ్యం కాదు. అందువలన విమానంలో ద్రవం ప్రవేశించినది.

ఇంజను తిరుగుతూ ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపు ఒక తొట్టిలోని ప్రత్యేకమైన ద్రవాన్ని సన్నని పైపులలోకి తోస్తుంది. పెక్కు విమానాలలో ఈ ఒత్తిడి చదరపు అంగుళానికి 3000 పౌనులు. అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 210 కిలోలు. మన శరీరాల మీద వాతావరణం మోపే ఒత్తిడికి ఇది దాదాపు 200 రెట్లు. 2005లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ380లో ఇది 5000 పౌనులు. ఒత్తిడి పెరిగినకొద్దీ సన్నని పైపుతో, చిన్న పిస్టన్‌తో అదే పని చేయించవచ్చును. తగ్గిన ప్రతి కిలో బరువూ విమానానికి లాభమే. పైలటు పిడిని కదిలించినప్పుడు ఒక వాల్వు తెరుచుకుంటుంది, అంతే. ద్రవం ఆ వాల్వు గుండా పరుగెత్తి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ పలకను తిప్పుతుంది, పని చేసిన ద్రవం మరొక పైపు గుండా తొట్టికి తిరిగి వస్తుంది. ఏనుగుకు మావటివాడు ఆజ్ఞ ఇచ్చినట్లు పైలటు ఆజ్ఞ ఇస్తాడు. చక్రాలను కడుపులోకి ముడుచుకొనడం, దిగిన తరువాత వాటికి బ్రేకు వేయడం, నేల మీద ముందు చక్రాన్ని మలపడం, పెక్కు విమానాలలో ఇవన్నీ ఈ ద్రవం చేసే పనులే.

నీరూ గాలీ కలిసి కాపురం చేసే చోటు చూడదలిస్తే చక్రానికి పైన ఉండే కాలిని చూడవలె. ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు ఆ కాలు. లోపల కొంత నూనె, దాని పైన నైట్రోజన్ వాయువు. విమానం నేలను తాకగానే గొట్టాలు ఒకదానిలోకొకటి దిగుతవి. నూనె ఒక చిన్న రంధ్రం గుండా పైకి దూరవలసి వస్తుంది. ఇరుకుదారిన పరుగెత్తే ద్రవం రాపిడివల్ల వేడెక్కుతుంది. దిగుడు వేగంలోని శక్తి ఆ వేడిగా మారిపోతుంది. పైనున్న నైట్రోజన్ నొక్కుకుపోయి మెత్తని స్ప్రింగువలె బరువును మోస్తుంది. నూనె లేక వాయువు ఒక్కటే ఉంటే విమానం బంతివలె ఎగిరిపడుతుంది. వాయువు లేక నూనె ఒక్కటే ఉంటే అణిగిన కాలిని తిరిగి లేపేవారు ఉండరు. ఇక్కడ మామూలు గాలికి బదులు నైట్రోజన్ ఎందుకంటే, అది మంటకు సహాయపడదు, తేమ లేకుండా దొరుకుతుంది. ద్రవం విఫలమైనప్పుడు చక్రాలను బయటికి తోయడానికి కొన్ని యుద్ధవిమానాలలో ఒక సీసాడు నైట్రోజన్‌ను సిద్ధంగా ఉంచుతారు. నెలల తరబడి ఆ వాయువు ఏమీ చేయక ఊరకే ఉంటుంది. అవసరం వచ్చిన ఒక్కనాడు తన ఓర్పుకు విలువ చూపిస్తుంది.

ఇసుక మూటల నుంచి ఇనుప గిలకల దాకా

ఈ రెండు శక్తుల అసలు పరీక్ష సముద్రం మీద జరిగినది. నేల మీద జెట్ విమానం దిగడానికి మైలు, మైలున్నర రన్‌వే కావలె. ఓడ మీద అంత చోటు ఎక్కడిది? ఉన్న చోటు కూడా అలలతో పాటు లేస్తూ పడుతూ ఉంటుంది.

1911 జనవరి 18న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో లంగరు వేసి ఉన్న పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద చెక్కలతో ఒక వేదిక కట్టినారు. దాని మీద అడ్డంగా 22 తాళ్ళు పరిచి, ప్రతి తాడు రెండు కొనలకూ 50 పౌనుల ఇసుక మూటలు కట్టినారు. యూజీన్ ఈలీ అనే యువకుడు తన విమానం క్రింద కొక్కేలు తగిలించుకొని, నీటిలో పడితే తేలడానికి భుజాలకు గాలి నింపిన సైకిలు ట్యూబులు చుట్టుకొని వచ్చి ఆ వేదిక మీద దిగినాడు. కొక్కేలు తాళ్ళను పట్టినవి, మూటలు చెక్కల మీద ఈడ్చుకుపోయినవి, విమానం ఆగినది. ప్రపంచంలో ఓడ మీద విమానం దిగడం అదే ప్రథమం. ఆ సాహసి అదే సంవత్సరం అక్టోబరులో ఒక విమానప్రదర్శనలో మరణించినాడు. ఆయన పరీక్షించిన పద్ధతి మాత్రం బ్రతికినది. అడ్డంగా తాడు, విమానానికి కొక్కెం, తాడు చివర శక్తిని హరించే బరువు: నూరేండ్లు దాటినా మారనిది ఈ ఏర్పాటు. మారినదల్లా ఆ చివరనున్న వస్తువు. ఇసుక మూట స్థానంలో ద్రవం వచ్చినది.

అమెరికా విమానవాహక నౌకలలో అనేక దశాబ్దాలుగా ఉన్న మార్క్ 7 అనే నిరోధక యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొందాం. డెక్కు మీద అడ్డంగా ఉక్కుతాడు ఉంటుంది. దాని కొనలు డెక్కు క్రిందికి పోయి, మన నూతి గిలకల వంటివే అయిన ఎన్నో గిలకల చుట్టూ తిరిగి, ఒక పెద్ద పిస్టన్‌కు చేరుతవి. తాడు 18 అడుగులు సాగితే పిస్టన్ 1 అడుగు కదిలేటట్లు ఆ గిలకలను అమర్చినారు. విమానపు కొక్కెం తాడును పట్టి లాగగానే పిస్టన్ సిలిండరులోని ద్రవాన్ని ఒక వాల్వు గుండా తోస్తుంది. పిస్టన్ ముందుకు పోయినకొద్దీ ఆ వాల్వు దారి ఇరుకై, విమానపు వేగం తగ్గుతున్నా నిరోధం తగ్గకుండా చూస్తుంది. ఇరుకుదారిన దూరిన ద్రవం ఒక నిలవపాత్రలోకి పోయి అక్కడి గాలిని నొక్కుతుంది. విమానం ఆగి కొక్కెం విడిపించుకోగానే, నొక్కుకుపోయి ఉన్న గాలి ద్రవాన్ని వెనుకకు తోస్తుంది. తాడు తనంతట తాను స్వస్థానానికి చేరుతుంది. నిమిషం గడవకముందే తరువాతి విమానానికి సర్వం సిద్ధం. పట్టి ఆపినది ద్రవం. మళ్ళీ సిద్ధం చేసినది గాలి.

ఈ యంత్రపు ఒక రకం 50,000 పౌనుల బరువుతో, 130 నాట్ల వేగంతో వచ్చిన విమానాన్ని 344 అడుగులలో ఆపగలదు. విద్యార్థులు కాగితం తీసి లెక్క వేయవచ్చును. బరువు సుమారు 22,700 కిలోలు; వేగం సెకండుకు 67 మీటర్లు; దూరం 105 మీటర్లు. గతిశక్తి సుమారు 5 కోట్ల జౌళ్ళు వస్తుంది. నిలవడానికి పట్టే కాలం సుమారు 3 సెకండ్లు. అంత శక్తితో మామూలు వేడిమిలో ఉన్న 170 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవచ్చును. ప్రతి విమానమూ మూడు సెకండ్లలో అంత వేడిని ఆ ద్రవానికి అప్పగించి పోతుంది. అందుకే ద్రవాన్ని చల్లబరచడానికి సముద్రపు నీటిని వినియోగిస్తారు.

ఇంతటి యంత్రమూ ఒక మనిషి శ్రద్ధ మీద ఆధారపడి ఉన్నది. వచ్చే ప్రతి విమానపు బరువుకు తగినట్లు వాల్వును ముందుగా సరిచేయవలె. తేలికపాటి విమానానికి బరువు విమానపు కొలత పెడితే ఆపుదల మరీ మొరటై విమానం విరగవచ్చును. బరువు విమానానికి తేలిక కొలత పెడితే అది డెక్కు చివర దాటి సముద్రంలోకి పోవచ్చును. పైలటు కూడా చక్రాలు డెక్కును తాకగానే ఇంజనుకు పూర్తి బలం ఇస్తాడు. ఆగవలసిన క్షణంలో వేగం పెంచడం వింతగా తోస్తుంది. కొక్కెం తాడును అందుకోకపోతే తిరిగి గాలిలోకి లేవడానికి అదొక్కటే మార్గం.

వడిసెలలోని రాయి

దిగడం ఎంత కష్టమో లేవడమూ అంతే కష్టం. జొన్నచేనిలో మంచె మీద నిలిచిన కుర్రవాడు వడిసెలతో రాయి విసిరినట్లు, ఓడ మీది యంత్రం విమానాన్ని ముందుకు విసరవలె. దీనిని కాటపల్టు అంటారు. 1912 నవంబరు 12న వాషింగ్టన్ నౌకాకేంద్రంలో థియొడోర్ ఎల్లీసన్ అనే నౌకాదళాధికారి సంపీడిత వాయువుతో నడిచే కాటపల్టు మీదనుంచి విజయవంతంగా గాలిలోకి లేచినాడు. అంతకు కొన్ని నెలల ముందు చేసిన ప్రయత్నంలో ఆయన విమానంతో సహా నీళ్ళలో పడినాడు.

రెండవ ప్రపంచయుద్ధకాలం నాటికి విమానవాహక నౌకలలో ద్రవచాలిత కాటపల్టులు స్థిరపడినవి. ఇవి నిరోధక యంత్రాన్ని తిరగవేసినట్టివి. సంపీడిత వాయువు నూనెను తోస్తుంది, నూనె పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గిలకలను లాగుతుంది, గిలకల మీది తాడు విమానాన్ని లాగుతుంది. విమానాల బరువు పెరిగినకొద్దీ ఈ యంత్రాలలోని ఒత్తిళ్ళూ పెరిగినవి. అప్పుడు, 1954 మే 26 ఉదయం, అమెరికా తూర్పుతీరాన రోడ్ ఐలండ్ సమీపంలో బెన్నింగ్టన్ అనే నౌక విమానాలను పంపుతూ ఉండగా ఒక కాటపల్టు నుంచి నూనె కారినది. తొట్టిలో ఉన్న నూనె ఒక అపాయం. అత్యధికమైన ఒత్తిడితో కారి పొగమంచువలె గాలిలో కలిసిన నూనె మరొక అపాయం. ఆ ఆవిరి పేలినది. ఒకదాని వెంట ఒకటిగా జరిగిన ప్రేలుళ్ళలో 103 మంది మరణించినారు. సుమారు 200 మంది గాయపడినారు. శత్రువు ఎవరూ లేని శాంతికాలంలో, ఓడకు అనుదినం సేవచేసిన ద్రవమే వారి ప్రాణాలు తీసినది.

అప్పటికే ఇంగ్లండులో కాలిన్ మిచెల్ అనే ఇంజనీరు ఆవిరితో నడిచే కాటపల్టును రూపొందించి, పెర్సియస్ అనే నౌక మీద 1950 నుంచి పరీక్షలు జరిపి చూపించినాడు. అమెరికా నౌకాదళం కూడా దానిని స్వీకరించ నిశ్చయించినది. బెన్నింగ్టన్ దుర్ఘటన తరువాత ఇక సందేహానికి తావు లేకపోయినది. ఆవిరి కాటపల్టులో డెక్కు క్రింద రెండు పొడవైన సిలిండర్లు ఉంటవి. ఓడ బాయిలర్లలో పుట్టిన ఆవిరి వాటిలోని పిస్టన్లను తోస్తుంది. సుమారు 300 అడుగుల దూరంలో, రెండు మూడు సెకండ్లలో విమానం ఎగిరే వేగాన్ని అందుకొంటుంది. విమానం వెళ్ళిపోయినది సరే. అంత వేగంతో వచ్చిన ఆ బరువైన పిస్టన్లను ఆపేదెవరు? ఆ భారం తిరిగి నీటి మీదనే పడినది. పిస్టన్ల ముందు భాగం కోసుగా ఉంటుంది. అది దారి చివర నీటితో నిండిన గొట్టంలోకి దూరి, తప్పించుకోజూచే నీటికి దారిని క్రమక్రమంగా ఇరుకు చేస్తూ పోయి, సుమారు 9 అడుగులలో నిలిచిపోతుంది. ఆవిరిని నమ్మిన యంత్రం కూడా ఆఖరి క్షణంలో నీటి పట్టుదలను ఆశ్రయించక తప్పలేదు.

1961 మార్చి 4న బెల్‌ఫాస్టు రేవులో భారత నౌకాదళంలో చేరిన మన మొదటి విక్రాంత్‌కు ఈ ఆవిరి కాటపల్టే ఉండేది. 1971 డిసెంబరు యుద్ధంలో సీహాక్ విమానాలు ఆ డెక్కు మీదనుంచే లేచి బంగాళాఖాతపు తూర్పుతీరాన కాక్స్‌బజారు, చిట్టగాంగు రేవుల మీద దాడులు చేసినవి. అప్పటికి ఆ నౌక బాయిలరు ఒకటి దెబ్బతిని ఉన్నది. పూర్తి వేగంతో పోలేని స్థితి. ఓడ గాలికి ఎదురుగా ఎంత వేగంగా పోతే లేచే విమానానికి అంత సహాయం. ఆ సహాయం తగ్గినా నావికులు విమానాలను నడిపించినారు. 1997లో ఆ నౌక విశ్రాంతి పొందినది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో ప్రవేశించిన రెండవ విక్రాంత్‌కు కాటపల్టు లేదు. ముందు భాగం పైకి వంగిన డెక్కు మీదుగా విమానాలు తమ ఇంజనుల బలంతోనే లేస్తవి. దిగేటప్పుడు మాత్రం వాటిని పట్టేవి అడ్డంగా పరచిన ఆ ఉక్కుతాళ్ళే.

ఇవికాక, పెద్ద విమానవాహక నౌక డెక్కు మీద మరికొన్ని ద్రవచాలిత సాధనాలు ఉంటవి. లేవబోయే జెట్ విమానపు వేడిగాలి వెనుకవారిని దహించకుండా డెక్కులోనుంచి తలుపులవలె లేచే అడ్డుపలకలు, క్రింది అంతస్తు నుంచి విమానాలను పైకి తెచ్చే లిఫ్టులు, చోటు కలిసివచ్చేటట్లు చేతులు ముడుచుకొన్నట్లు ముడుచుకొనే విమానపు రెక్కలు, వీటి వెనుకనున్నదీ సాధారణంగా ఆ ద్రవమే.

మూసి ఉన్నంతవరకే

పాస్కల్ సూత్రంలో విద్యార్థులు తొందరలో దాటిపోయే మాట ఒకటి ఉన్నది: "మూసి ఉన్న పాత్ర". ఆ ఒక్క మాట తప్పితే సూత్రమంతా వ్యర్థం. దీనికి నిదర్శనంగా 1989 జూలై 19న జరిగిన సంఘటనను చెప్పుకోవలె.

ఆ రోజు యునైటెడ్ సంస్థవారి 232 నంబరు విమానం 296 మందితో డెన్వరు నుంచి షికాగోకు పోతున్నది. అది డీసీ-10 రకపు విమానం. రెక్కల క్రింద రెండు ఇంజనులు, తోకలో ఒకటి. అందులో ఒకటి చెడితే మరొకటి ఉండేటట్లు మూడు ప్రత్యేకమైన హైడ్రాలిక్ వ్యవస్థలు ఉన్నవి. 37,000 అడుగుల ఎత్తున తోక ఇంజనులోని పెద్ద చక్రం, అంతకు ముందెన్నడో పడిన సూక్ష్మమైన బీట పెరిగి, పగిలిపోయినది. దాని ముక్కలు తోకలోని పైపులను కోసివేసినవి. వ్యవస్థలు మూడైనా వాటి పైపులు తోకలో దగ్గర దగ్గరగా పోతున్నవి. ముగ్గురు కాపలావారు ఒకే గుమ్మం వద్ద నిలిచినట్లయినది. మూడింటిలోని ద్రవమూ ఆకాశం పాలయినది. పైలటు పిడి తిప్పినాడు, రెక్క కదలలేదు.

కెప్టెన్ ఆల్ఫ్రెడ్ హేన్స్, ఆయన సహచరులు, ప్రయాణికులలో ఒకడుగా ఉండి సహాయానికి వచ్చిన డెన్నిస్ ఫిచ్ అనే పైలట్ల శిక్షకుడు ఏ పుస్తకంలోనూ లేని ఉపాయాన్ని ఆశ్రయించినారు. మిగిలిన రెండు ఇంజనులలో ఒకదాని బలం పెంచి, మరొకదాని బలం తగ్గించి విమానాన్ని మలుపు తిప్పినారు. ఎడ్లబండిలో ఒక ఎద్దును అదిలించి మరొక ఎద్దును నిలవరించి బండిని మలిపినట్లు 44 నిమిషాలు నడిపి అయోవా రాష్ట్రంలోని సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చినారు. దిగేటప్పుడు విమానం పల్టీకొట్టి మంటలలో చిక్కుకొన్నది. 112 మంది మరణించినారు. 184 మంది బ్రతికినారు. ఆ తరువాత అటువంటి విమానాలలో, తోకలో పైపు తెగినా ఒక వాల్వు మూసుకొని ముందు భాగానికి కావలసిన ద్రవాన్ని నిలిపే ఏర్పాటు చేసినారు. ఎంతో చిన్న వాల్వు అది. దానికి ముందు చెల్లించిన మూల్యం ఎంతటిదో ఆ ఊరి ప్రజలకు తెలుసును.

యంత్రకారుల నిత్యకృత్యమంతా ఈ మూసి ఉంచే పనిలోనే ఉన్నది. రబ్బరు వలయం ఒకటి ఎండిపోయినదా, పైపు బిగింపు ఒకటి వదులైనదా, తొట్టిలో ద్రవపు మట్టం తగ్గినదా అని రాత్రివేళ దీపం పట్టుకొని చూచే మెకానిక్కు పేరు ఏ చరిత్రలోనూ ఎక్కదు. ద్రవంలోకి చెమ్మ, ఇసుకరేణువు, గాలిబుడగ చేరకుండా చూడడమూ అతని పనియే. బుడగ చేరితే ఏమవుతుంది? మోటారు షెడ్డులో కారు బ్రేకులకు "గాలి తీయడం" చూసినవారికి తెలుసును. నూనె పైపులో గాలి చేరితే బ్రేకు మెత్తబడుతుంది. కాలి బలం చక్రాన్ని చేరక బుడగను నొక్కడంలోనే ఖర్చైపోతుంది. గాలి ఓర్పు దాని చోట గొప్ప గుణమే. చోటు తప్పినప్పుడు అదే ప్రాణాంతకం.

ఇప్పుడు విద్యుత్తు యుగం వచ్చినది. 2017లో అమెరికా నౌకాదళంలో చేరిన జెరాల్డ్ ఫోర్డ్ నౌకలో ఆవిరి కాటపల్టు పోయి విద్యుదయస్కాంతపు కాటపల్టు వచ్చినది. ఆ నౌకలోనే విమానాన్ని ఆపే కొత్త యంత్రంలో విద్యుత్ మోటారు ఉన్నది. దానితో పాటు విమానపు వేగాన్ని మ్రింగే పెద్దపనికి నీటిలో తిరిగే చక్రాలూ ఉన్నవి. ఏ380 విమానంలో రెండు హైడ్రాలిక్ వ్యవస్థలకు తోడుగా విద్యుత్తుతో నడిచే పిస్టన్లు చేరినవి. ఆ పిస్టన్లలో కూడా పెక్కింటిలో ఒక చిన్న మోటారు, ఒక చిన్న పంపు, దోసెడు నూనె ఉంటవి.

ఈ విషయాన్ని తరగతిగదికి తేవడం ఉపాధ్యాయులకు సులభం. ఒక చిన్న సిరంజి, ఒక పెద్ద సిరంజి, వాటిని కలిపే సన్నని ప్లాస్టిక్ గొట్టం చాలును. నీరు నింపి చిన్నదాని పిడిని ఒక పిల్లవాని చేతికి, పెద్దదాని పిడిని వానికన్న బలిష్ఠుడైన వాని చేతికి ఇవ్వండి. బలహీనుడు గెలుస్తాడు. తరువాత గొట్టంలోకి కావాలని ఒక గాలిబుడగను పంపి మళ్ళీ నొక్కమనండి. వాని గెలుపు ఎక్కడ మాయమైనదో వానినే చెప్పమనండి. విశాఖపట్నం సముద్రతీరాన ప్రదర్శనకు నిలిపిన నౌకాదళపు టీయూ-142 విమానాన్ని చూడబోయే విద్యార్థులు దాని పొడవైన రెక్కలను చూచి వెంటనే తిరిగి రాకూడదు. కొంచెం వంగి చక్రాలకు పైన ఉన్న ఆ కాళ్ళను కూడా చూడవలె. 2017లో విశ్రాంతి పొందేవరకు ఆ విమానపు బరువునంతటినీ అవి మోసినవి.